పూర్వీ స్టార్ రిబ్బన్ మీది చిన్న ఆకు

మీ ప్రశ్న పెద్దది కాబట్టి ముందు దాన్ని కుదించి చెబుతాను. మీది చీపురుపల్లి దగ్గరి ఊరు. తాతగారు 1963 మొదట్లో వాయుసేనలో చేరి మెడికల్ అసిస్టెంటుగా పని చేశారు. 1971 యుద్ధంలో అస్సాంలోని కుంభీగ్రాం వైపు ఉన్నానని చెప్పేవారు. ఆయన పోయాక ట్రంకుపెట్టెలో ఒకే కడ్డీకి తగిలించిన అయిదు పతకాలు దొరికాయి. ఊళ్లో అందరూ వాటిని వీరచక్ర అంటున్నారు. ఆగస్టు 15న హైస్కూల్లో సభ, దానికి ఫ్లెక్సీ కూడా సిద్ధమవుతోంది. మీ బాబాయిగారి అబ్బాయి మాత్రం "ఇవన్నీ హాజరుకు ఇచ్చినవి, కట్లు కట్టే ఉద్యోగికి శౌర్య పతకం ఎవరిస్తారు" అన్నాడట. ఎవరి మాట నిజమని మీరు అడిగారు.

ఇద్దరిదీ కాదు. నేను కూడా వాయుసేనలో అదే ట్రేడులో పని చేసి వారెంట్ ఆఫీసరుగా రిటైరయి విజయనగరంలో ఉంటున్నాను. మాజీ సైనికుల ఇళ్లలో ఇలాంటి పెట్టెలు తెరిచినప్పుడు చూడమని నన్ను పిలుస్తుంటారు. మీరు పంపిన ఫొటోలో వీరచక్ర లేదు. కానీ మొదటి పతకం రిబ్బన్ మీద "పిన్ను తుప్పు పట్టిందేమో" అని మీరు రాసిన గోధుమరంగు ముక్క తుప్పు కాదు. ఫొటోను పెద్దది చేసి చూశాను. అది కంచుతో చేసిన తామరాకు. మీ ఊరివాళ్లూ మీ తమ్ముడూ ఇద్దరూ పట్టించుకోనిది అదే.

కడ్డీని ఎలా చదవాలో చెబుతాను. ఎదురుగా నిలబడి చూసేవారికి ఎడమ చివర ఉన్నది అన్నిటికంటే పెద్ద పతకం. అక్కడి నుంచి కుడికి వచ్చే కొద్దీ స్థాయి తగ్గుతుంది. శౌర్య పతకం ఉంటే యుద్ధ పతకాలకంటే ముందే ఉండాలి. మీ ఫొటోలో వరుస ఇది: పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్, సైన్య సేవా మెడల్, 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ పతకం, తొమ్మిదేళ్ల దీర్ఘసేవా పతకం. పూర్వీ స్టార్ 1971లో తూర్పు రంగంలో పని చేసినవారికి ఇచ్చారు. పశ్చిమ రంగంలో ఉన్నవారికి ఇచ్చింది పశ్చిమీ స్టార్. సంగ్రామ్ మెడల్ ఆ యుద్ధానికని లెక్కించిన కాలంలో, అంటే 1971 డిసెంబరు 3 నుంచి 1972 డిసెంబరు 20 వరకు, సైన్యంలో ఉన్నవారందరికీ దక్కింది. స్వాతంత్ర్య పతకం 1972 ఆగస్టు 15న ఉద్యోగంలో ఉన్నవారిది. చివరిదాని సంగతి పేరే చెబుతోంది. ఇంతవరకు మీ తమ్ముడు చెప్పింది నిజమే, ఈ అయిదింటిలో ఏదీ ఒక సాహసానికి ఇచ్చింది కాదు. అయినా "హాజరు" అనే మాట నాకు నచ్చలేదు. పూర్వీ స్టార్ కార్యాలయంలో సంతకం పెడితే వచ్చేది కాదు.

వీరచక్ర అయితే గుండ్రటి వెండి పతకం. దాని మీద అయిదు కోణాల నక్షత్రం, మధ్యలో చక్రం ఉంటాయి. రిబ్బన్ సగం ముదురు నీలం, సగం కాషాయం. మహావీరచక్ర రిబ్బన్ సగం తెలుపు, సగం కాషాయం. పరమవీరచక్ర రిబ్బన్ అంతా ఊదా రంగే. మీ కడ్డీ మీద ఆ రంగులేవీ లేవు. వాయుసేనా మెడల్ కూడా లేదు. దాని రిబ్బన్ మీద బూడిద, కాషాయ రంగు చారలు ఏటవాలుగా పోతాయి, ఒకసారి చూసినవారు మరచిపోరు.

ఇక ఆకు సంగతి. యుద్ధంలో ఒకరు చేసిన పని చక్రం ఇచ్చే స్థాయికి రాకపోయినా, ప్రత్యేకంగా చెప్పుకోదగినదైతే, సేనాధిపతి ప్రభుత్వానికి పంపే నివేదికలో వారి పేరు చేరుస్తారు. దీన్ని మెన్షన్ ఇన్ డిస్పాచెస్ అంటారు. దీనికి వేరే పతకం లేదు. ఆ యుద్ధానికి ఇచ్చిన పతకం రిబ్బన్ మీద కంచు తామరాకు పెట్టుకునే హక్కు ఇస్తారు, అంతే. బ్రిటిష్ కాలంలో అక్కడ ఓక్ ఆకు ఉండేది, స్వతంత్ర భారతంలో తామరాకు వచ్చింది. చాలా చిన్న ముక్క కావడంతో చాలా ఇళ్లలో రిబ్బన్ మార్చినప్పుడు ఊడిపోతుంది, లేదా పిల్లలు బొమ్మ అనుకుని పీకేస్తారు. మీ ఇంట్లో మిగిలింది, సంతోషం.

అయితే ఆకు కనిపించగానే అంతా తేలిపోలేదు. పతకాలు అమ్మే దుకాణాల్లో ఆకులు విడిగా కూడా దొరుకుతాయి. అందుకే కాగితం కావాలి, దాని గురించి తరువాత చెబుతాను. ముందు మీ తమ్ముడి ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఎందుకంటే ఆ మాట మా ట్రేడులో పని చేసినవారంతా ఎప్పుడో ఒకప్పుడు విన్నదే.

పరమవీరచక్ర, మహావీరచక్ర, వీరచక్ర ఉత్తర్వులు 1950 జనవరి 26న వచ్చి 1947 ఆగస్టు 15 నుంచి వర్తించాయి. ఎవరు అర్హులో చెప్పే భాగంలో మూడు దళాల అన్ని ర్యాంకులవారితో పాటు, ఆసుపత్రులకూ నర్సింగుకూ సంబంధించిన సేవల సిబ్బందిని విడిగా పేర్కొన్నారు. సైన్యం ఆదేశాల కింద పని చేసే పౌరులకు కూడా, స్త్రీ పురుష భేదం లేకుండా, అర్హత ఉంది. చేతిలో తుపాకీ ఉండాలన్న షరతు ఎక్కడా లేదు. ఉన్న షరతు ఒక్కటే, ఆ పని శత్రువు ఎదుట జరగాలి. శత్రువు ఎదుట కాకుండా చేసిన సాహసానికి అశోకచక్ర, కీర్తిచక్ర, శౌర్యచక్ర వేరే వరుస. 1967 వరకు వాటిని అశోకచక్ర మొదటి, రెండవ, మూడవ తరగతులు అనేవారు. మీ తాతగారి తరం కాగితాల్లో ఆ పాత పేర్లు కనిపిస్తే కంగారుపడకండి.

ఈ తేడా మా పనిలో ఎంత విచిత్రంగా ఉంటుందో చూడండి. విమానాలు ఎగిరేంతసేపూ రన్‌వే పక్కన క్రాష్ టెండర్ అనే మంటలార్పే బండి, దాని వెనక క్రాష్ అంబులెన్స్ సిద్ధంగా నిలబడి ఉంటాయి. అంబులెన్సులో ఉండేది మెడికల్ అసిస్టెంటు. దిగుతున్న విమానం ఇంజిన్ చెడి పడిపోయి మంటలు లేస్తే, అతను లోపలికి దూరి పైలట్‌ను లాగితే అది శౌర్యచక్ర వరుసలోకి వస్తుంది. అదే రన్‌వే మీద శత్రు విమానాలు బాంబులు వేస్తుండగా అదే పని చేస్తే వీరచక్ర వరుసలోకి వస్తుంది. మంట ఒకటే, బరువు ఒకటే, చేతులు కాలడం ఒకటే. రాసే ఫారం మారుతుంది.

ఈ ట్రేడులో నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ మన దేశానిది కాదు. 1940 మే 31న ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో, డెట్లింగ్ విమాన స్థావరంలో, అర్ధరాత్రి దాటాక బాంబులతో ఉన్న ఆన్సన్ విమానం ఒకటి కూలింది. అక్కడి సిక్ క్వార్టర్స్‌లో, అంటే స్థావరంలోని చిన్న ఆసుపత్రిలో, డాఫ్నీ పియర్సన్ అనే మహిళ మెడికల్ ఆర్డర్లీగా ఉండేవారు. కార్పొరల్ ర్యాంకు. ఆమె పరుగెత్తి వెళ్లి గాయపడిన పైలట్‌ను విమానం నుంచి దూరంగా లాగారు. లోపల ఇంకా బాంబులు ఉన్నాయని అతను చెప్పాడు. ఆమె తన ఇనుప టోపీని అతని తలకు పెట్టి, తాను అతని మీద అడ్డంగా పడుకున్నారు. 120 పౌన్ల బాంబు పేలింది. తరువాత వైర్‌లెస్ ఆపరేటర్ కోసం మళ్లీ విమానం దగ్గరికి వెళ్లారు, అతను అప్పటికే చనిపోయాడు. ఆమెకు మొదట ఎంపైర్ గాలంట్రీ మెడల్ ఇచ్చారు. ఆ ఏడాది సెప్టెంబరులో జార్జి క్రాస్ నెలకొల్పాక, 1941లో దానికి బదులు జార్జి క్రాస్ ఇచ్చారు. గమనించండి, యుద్ధం జరుగుతున్నా ఆ విమానం కూలినచోట శత్రువు లేడు. అందుకే విక్టోరియా క్రాస్ కాకుండా జార్జి క్రాస్ వరుస. స్థాయిలో రెండూ సమానమే.

మరి మా ట్రేడువాళ్లకు పతకాలు ఎందుకు అరుదు? మీ తమ్ముడు అనుకున్నట్టు పని చిన్నదని కాదు. పతకానికి సాక్షి కావాలి. ఒక ఘటన, ఒక తేదీ, ఒక స్థలం, కళ్లతో చూసి రాసిచ్చే మనిషి ఉండాలి. పై అధికారి దాన్ని సిఫారసుగా రాయాలి. అది కమాండ్‌కు, అక్కడి నుంచి వాయుసేన కేంద్ర కార్యాలయానికి, రక్షణ శాఖకు, చివరికి రాష్ట్రపతి దగ్గరికి వెళ్లాలి. పైలట్ చేసిన పనికి పక్క విమానంలోని పైలట్ సాక్షి. మా పనిని అతి దగ్గరగా చూసేది గాయపడినవాడు, అతనికి స్పృహ ఉండదు. స్పృహ ఉంటే మార్ఫిన్ ఇచ్చి ఉంటాం. మార్ఫిన్ ఇచ్చామని నుదుటి మీద గుర్తు వేసి టైము రాయడం పద్ధతి, తరువాతి ఆసుపత్రిలో మళ్లీ ఇవ్వకుండా ఉండేందుకు. అతను తేరుకునేసరికి వేరే ఊరి ఆసుపత్రిలో ఉంటాడు, తనను ఎవరు మోశారో తెలియదు.

పైగా సహాయకుడి ధైర్యం ఎక్కువ భాగం ఒక్క క్షణంలో కనిపించే రకం కాదు. 1971 డిసెంబరు 7న ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ దగ్గర, 9న మేఘన నది మీదుగా ఎంఐ-4 హెలికాప్టర్లు సైనికులను దించాయి. ఆ హెలికాప్టర్లు తిరిగి వచ్చేటప్పుడు గాయపడినవారిని తెచ్చేవి. ఆ కాలపు పిస్టన్ ఇంజిన్ మోతలో స్టెతస్కోపు పని చేయదు. వేలి కొనలతో నాడి చూస్తూ, కట్టు కింద రక్తం ఆగిందో లేదో చీకట్లో తడిమి తెలుసుకుంటూ, గంటల తరబడి అదే పని. ఆ హెలికాప్టర్ దళాలను నడిపిన గ్రూప్ కెప్టెన్ చందన్ సింగ్‌కు మహావీరచక్ర వచ్చింది, న్యాయంగానే వచ్చింది. లోపల స్ట్రెచర్ల మధ్య మోకాళ్ల మీద కూర్చున్నవాడి గురించి సిఫారసు రాయాలంటే ఏ ఒక్క నిమిషాన్ని ఎంచుకోవాలి? ఇలాంటి చోటే మెన్షన్ ఇన్ డిస్పాచెస్ పనికొస్తుంది. నా అంచనా ప్రకారం మీ తాతగారి ఆకు వెనక అలాంటి పనే ఉండి ఉంటుంది. ఇది అంచనా మాత్రమే, సభలో చెప్పకండి.

సాక్షుల వల్ల పతకమే మారిన ఉదంతం అమెరికాలో ఉంది. విలియం పిట్సెన్‌బార్గర్ అక్కడి వాయుసేనలో పారారెస్క్యూ మెడిక్, అంటే చిక్కుకున్నవారిని రక్షించడానికి ఆకాశం నుంచి దిగే వైద్య సహాయకుడు, 21 ఏళ్లవాడు. 1966 ఏప్రిల్ 11న వియత్నాం అడవిలో ముట్టడిలో చిక్కుకున్న పదాతి దళం మధ్యకు హెలికాప్టర్ నుంచి తాడు మీద దిగాడు. తొమ్మిది మంది క్షతగాత్రులను పైకి పంపాడు. హెలికాప్టర్‌కు కాల్పులు తగిలి వెనక్కి వెళ్లాల్సి వచ్చినప్పుడు, తాను కూడా ఎక్కే అవకాశం ఉన్నా, కిందనే ఉండిపోయాడు. గాయాలకు కట్లు కట్టాడు, చనిపోయినవారి దగ్గరి తూటాలు ఏరి బతికినవారికి పంచాడు. ఆ రాత్రే చనిపోయాడు. ముందు ఇచ్చింది ఎయిర్ ఫోర్స్ క్రాస్. ఆనాడు బతికి బయటపడిన సైనికులు ఏళ్ల తరబడి పట్టుబట్టి సాక్ష్యాలు ఇచ్చాక, 2000 డిసెంబరు 8న అక్కడి అత్యున్నత శౌర్య పతకం మెడల్ ఆఫ్ ఆనర్‌ను అతని తండ్రి చేతికి ఇచ్చారు. ఇది చదివి మీరు తాతగారికి వీరచక్ర ఇవ్వాలని అర్జీలు మొదలుపెట్టవద్దు. సాక్షులు లేని అర్జీ ఇన్నేళ్ల తరువాత ఎక్కడికీ పోదు. ఉన్న గౌరవాన్ని రుజువు చేసుకోండి, అది చాలా ముఖ్యం.

రుజువు ఎలా? అందరికంటే దగ్గరగా ఉన్నది తాతగారి డిశ్చార్జి బుక్కు. అందులో పొందిన పతకాల పేజీ ఉంటుంది. మెన్షన్ ఉంటే అక్కడ రాసి ఉండాలి. అది దొరకకపోతే నాయనమ్మగారి కుటుంబ పెన్షన్ మంజూరు పత్రంలో (పీపీవో) ఆయన సర్వీసు నంబరు ఉంటుంది. ఆ నంబరుతో న్యూఢిల్లీ సుబ్రతో పార్కులోని వాయుసేన రికార్డు కార్యాలయానికి ఆమె పేరు మీదే ఉత్తరం రాయించండి. మనవడు రాసినదానికంటే భార్య రాసినదానికి జవాబు త్వరగా వస్తుందని నా అనుభవం. ఉత్తరాన్ని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే ఇంకా మంచిది.

రెండో దారి భారత గజెట్. చక్రాలు రాష్ట్రపతి సచివాలయం పేరు మీద, మెన్షన్లు రక్షణ శాఖ ప్రకటనగా అచ్చవుతాయి. 1972, 1973 సంచికలు చూడండి, స్కాన్ ప్రతులు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. వీరచక్ర గ్రహీతల పేర్లు రక్షణ శాఖ వారి శౌర్య పురస్కారాల వెబ్‌సైటులో కూడా ఉంటాయి. ఊరివాళ్ల అనుమానం తీర్చడానికి అది చూపిస్తే సరిపోతుంది.

వెతికేటప్పుడు మన జిల్లాలవారికి రెండు చిక్కులు ఎదురవుతాయి. ఒకటి జిల్లా పేరు. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న. చీపురుపల్లి, బొబ్బిలి, పార్వతీపురం అంతకు ముందు శ్రీకాకుళం జిల్లాలో ఉండేవి. కాబట్టి 1963లో చేరిన మీ తాతగారి చిరునామా కాగితాల్లో శ్రీకాకుళం జిల్లా అని ఉంటుంది. ఇంకా పాతవారి విషయంలో, అంటే రెండో ప్రపంచ యుద్ధంలో పని చేసినవారికి, శ్రీకాకుళం కూడా ఉండదు. ఆ జిల్లా పుట్టింది 1950 ఆగస్టు 15న. ముందంతా విశాఖపట్నం జిల్లా, ఊరి పేరు చికాకోల్. శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట వైపువారికైతే 1936కు ముందు గంజాం జిల్లా.

రెండోది ఇంటిపేరు. ఉత్తరాదివారు నడిపే కార్యాలయాల్లో మన ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు మిగలవచ్చు, పూర్తిగా విడిపోయి చివరికి పోవచ్చు, అసలు ఎగిరిపోవచ్చు. రావు, నాయుడు, అప్పారావు వంటివాటికి స్పెల్లింగులు ఎన్నో. పేరుతో వెతికితే విసుగే మిగులుతుంది, సర్వీసు నంబరుతో వెతకండి. ఆ నంబరు పతకం అంచు మీదో వెనకో చెక్కి ఉంటుంది. భూతద్దం పట్టుకుని వెలుతురుకు ఏటవాలుగా చూస్తే కనిపిస్తుంది. అయిదింటి మీదా ఒకే నంబరు ఉందో లేదో కూడా సరిచూడండి. అన్నదమ్ములిద్దరూ సైన్యంలో ఉన్న ఇళ్లలో పతకాలు కలిసిపోవడం నేను చూశాను.

మన పత్రికల్లో తరచూ జరిగే ఒక పొరపాటు గురించి కూడా హెచ్చరిస్తాను, సభకు విలేకరులు వస్తారు కదా. పేరు చివర వీఎస్ఎం అంటే విశిష్ట సేవా మెడల్, అది శౌర్య పతకం కాదు. తిరుపతిలో పుట్టిన ఎయిర్ మార్షల్ పద్మా బందోపాధ్యాయ్, వాయుసేన వైద్యురాలు, 1971 యుద్ధకాలపు సేవకు పొందింది ఇదే. వాయుసేనా మెడల్ అయితే వీఎం. 1960లో మొదలైన ఆ పతకాన్ని 1999 నుంచి శౌర్యానికి, కర్తవ్య నిష్ఠకు వేరువేరుగా ఇస్తున్నారు. పరాక్రమ్ పదక్ పేరు విని మోసపోతారు, అది శత్రు చర్యలో గాయపడినవారికి ఇచ్చేది. ఎయిర్‌మెన్‌కు, అంటే అధికారులు కాని వాయుసైనికులకు, శౌర్య పతకాలు రావా అని ఎవరైనా అడిగితే కార్గిల్ గుర్తుచేయండి. 1999 మే 28న తోలోలింగ్ దగ్గర కూలిన ఎంఐ-17లో చనిపోయిన నలుగురిలో ఇద్దరు సార్జెంట్లు, ఒకరు పి.వి.ఎన్.ఆర్. ప్రసాద్, మరొకరు ఆర్.కె. సాహు. అందరికీ మరణానంతరం వాయుసేనా మెడల్ వచ్చింది. 2018లో అశోకచక్ర పొందిన జ్యోతి ప్రకాశ్ నిరాలా కార్పొరల్.

డబ్బు విషయం అడగలేదు గాని ఎవరో ఒకరు అడుగుతారు. వీరచక్రకు నెలకు 7,000, శౌర్యచక్రకు 6,000, శౌర్యానికిచ్చిన వాయుసేనా మెడల్‌కు 2,000 రూపాయల భత్యం 2017 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చింది. గ్రహీత తరువాత అది భార్యకు వెళుతుంది, మనవళ్లకు రాదు. మెన్షన్‌కు కేంద్రం నుంచి నెలవారీ భత్యం లేదు. రాష్ట్ర ప్రభుత్వాల నగదు పురస్కారాల ఉత్తర్వులు వేరు, నాయనమ్మగారి కోసం సైనిక సంక్షేమ కార్యాలయంలో తప్పక అడగండి.

మీ ఫొటోలో ఒక పతకం తక్కువైంది. 1965 ఆగస్టు 5 నాటికి 180 రోజుల సర్వీసు నిండినవారందరికీ రక్షా మెడల్ ఇచ్చారు. 1963లో చేరిన మీ తాతగారికి అది రావాలి. కడ్డీ మీద పూర్వీ స్టార్‌కూ సంగ్రామ్ మెడల్‌కూ మధ్య దాని చోటు. మీ ఫొటోలో అక్కడ కొంచెం ఎడం ఉంది, రిబ్బన్ దారాలు కూడా కనిపిస్తున్నాయి. ఎప్పుడో ఊడి పడి ఉంటుంది. ట్రంకుపెట్టె అడుగున పరచిన కాగితం కింద, పాత యూనిఫారం జేబుల్లో వెతకండి. మేనత్తల ఇళ్లలో కూడా అడగండి. ఏ పండగ పూటో పిల్లలు ఆడుకోవడానికి తీసుకెళ్లి ఉండవచ్చు.

సభ జరిగేలోపు పతకాలను మెరిపించాలని ఎవరైనా చింతపండుతో తోమబోతే చేతిలోంచి లాక్కోండి. పులుపుకు పైపూత పోతుంది, అంచు మీది అక్షరాలు అరిగిపోతాయి, కంచు ఆకు రంగు మారిపోతుంది. పొడి నూలుగుడ్డతో తుడిస్తే చాలు. రిబ్బన్లు ఉతకవద్దు. డిశ్చార్జి బుక్కులో పతకాల పేజీ దొరికితే దాని ఫొటో పంపండి, అంచు మీది నంబరు కూడా. ఫ్లెక్సీ మీద ఏ మాట రాయించాలో అప్పుడు చెబుతాను. అంతవరకు "1971 యుద్ధంలో తూర్పు రంగంలో సేవ చేసిన వాయుసేన మెడికల్ అసిస్టెంట్, పూర్వీ స్టార్ గ్రహీత" అని రాయించండి, దాన్ని ఎవరూ వేలెత్తి చూపలేరు.